మైకు పక్క కుర్చీ

మా నాన్న ఇరవై ఆరేళ్ళ పాటు కారు రేసుల్లో పనిచేశారు. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు ఆయన డ్రైవరేమో, మెకానిక్కేమో అనుకుని సర్దుకుని కూర్చుంటారు. ఆయనకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. డబ్బు కట్టనక్కర లేకుండా అందరి ఇళ్ళలోకీ వచ్చే టీవీ చానల్లో, రెండో అంతస్తులో, లిఫ్టు పక్క గదిలో, వ్యాఖ్యాతకు ఎడమ వైపు కూర్చుని చీటీలు రాసి అందించడం ఆయన పని. అది కూడా రేసులున్న ఆదివారాలే. మిగతా రోజుల్లో అదే భవనం కింది అంతస్తులో పాత టేపుల లైబ్రరీకి గుమాస్తా.

ఆ గదిలో ఒక టీవీ, ఒక మైకు, రెండు కుర్చీలు, పనిచేయని ఏసీ ఒకటి ఉండేవి. రేసు ఎక్కడో సముద్రాల అవతల జరిగేది. బొమ్మ ఉపగ్రహం మీదుగా ఈ గదిలోకి దిగేది, వ్యాఖ్యాత దాన్ని చూసి మన భాషలో చెప్పేవాడు. వింటున్నవాళ్ళకు ఆయన రేసు ట్రాక్ పక్కనే, టైర్ల పొగలో నిలబడి చెబుతున్నట్టు ఉండేది. నిజానికి ఆ ఇద్దరూ ఇరవై ఆరేళ్ళలో ఒక్క రేసును ఎదురుగా చూసిన పాపాన పోలేదు.

వ్యాఖ్యాతను నేను బాబాయి అంటాను. చుట్టరికమేమీ లేదు. ఆయన నాన్నను అన్నయ్యా అంటాడు, అమ్మను వదినా అంటాడు, మా ఇంట్లో మంచినీళ్ళ కుండ ఎక్కడుందో ఆయనకు తెలుసు. అంతకంటే చుట్టరికం ఏం కావాలి.

చీటీలు ఎందుకంటే, కెమెరా ఒకసారికి ఒక చోటే చూపిస్తుంది. కార్లు ఇరవై, మధ్యలో టైర్లు మార్చుకోవడానికి పిట్‌లో ఆగేవి కొన్ని. ముందున్నవాడు చిట్టచివరి వాడిని ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు, అంటే ఒక ల్యాప్, మించి దాటేశాక, తెర మీద ఎవరి వెనక ఎవరున్నా అసలు ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో చెప్పడం మామూలు మనిషి తరం కాదు. నాన్న పెద్ద కాగితం మీద పెన్సిలుతో గళ్ళు గీసుకుని, ఒక్కో ల్యాప్‌కు ఒక్కో వరుసలో, కార్లు గీత దాటిన క్రమంలో వాటి నంబర్లు వేసేవారు. అందులోంచి ముఖ్యమైనది ఏరి చీటీ మీద రాసి బాబాయి ముక్కు కింద పెట్టేవారు. 'ఏడు మూడో స్థానానికి వచ్చాడు.' 'పంతొమ్మిది పిట్‌లోకి రెండోసారి.' అంతే. నోటితో చెప్పే వీలు లేదు. రెండు గంటల సేపు మైకు తెరిచే ఉంటుంది. దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకోవాలి.

ఈ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. ఆయనకు మాట పడిపోయిందని కాదు. పైకి అనవలసినదేదైనా కాగితం మీద పెడితే తేలిగ్గా ఉంటుందని ఆయన నమ్మకం. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు అన్నం పళ్ళెం కింద ఒక చీటీ దొరికింది. 'మళ్ళీ రాయి' అని ఉంది. రాశాను. ఆ రోజు ఆయన నన్ను నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

బాబాయికి ఇంకో అలవాటు. కళ్ళు తెర మీద ఉంటాయి, మనసు రేసు మీద ఉంటుంది, ముక్కు కిందికి ఏ కాగితం వస్తే దాన్ని నోరు చదివేస్తుంది. ఒకసారి అమ్మ పొద్దున గుర్తు చేసిన విషయం నాన్న ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే అది ఈ చీటీల్లో కలిసిపోయింది. పన్నెండో నంబరు కారు మలుపు తిరుగుతుండగా బాబాయి, "పన్నెండు బాగా వెనకబడ్డాడు, గ్యాస్ అయిపోయింది, సాయంత్రంలోగా బుక్ చేయాలి" అని దేశమంతటికీ చెప్పాడు. రేసు కార్లు గ్యాస్ మీద నడుస్తాయా అని ఆ వారం చానల్‌కు నలభై దాకా ఉత్తరాలు వచ్చాయి. పరిశీలిస్తున్నామని చానల్ అందరికీ జవాబు రాసింది.

ఎనిమిదేళ్ళ కిందట నాన్న చీటీల మీద అక్షరాలు పెరగడం మొదలైంది. నేను ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతాను కాబట్టి అక్షరం సైజు నా కంట్లో పడకుండా పోదు. మొదట్లో పద్నాలుగు పాయింట్లుండే రాత ఇరవై నాలుగుకు వచ్చింది. తరవాత ముప్ఫై ఆరు, ఆ పైన ఇంకా. చీటీ సైజు బస్సు టికెట్టు నుంచి శుభలేఖ దాకా పెరిగింది. చెయ్యి అలవాటు పడిపోయి ఇంట్లో చీటీలు కూడా అలాగే రాసేవారు. బాత్‌రూమ్ తలుపు మీద 'కుళాయి కట్టేయండి' అని జానెడేసి అక్షరాలు చూసి, ఈ వయసులో ఈయన అరవడం నేర్చుకున్నాడేమిటే అంది అమ్మ.

సంగతి ఏమిటంటే బాబాయికి చూపు తగ్గుతోంది. కంటి నడిమధ్యన మచ్చలాంటిది వచ్చింది, అది మెల్లగా పెద్దదవుతుంది తప్ప పోదని డాక్టరు చెప్పేశాడు. కార్ల రంగులు తెలుస్తాయి, కదలిక తెలుస్తుంది, ఎవడు ఎవడి మీదికి వస్తున్నాడో తెలుస్తుంది. తెర మూలన సన్నగా వచ్చే నంబర్ల పట్టిక మాత్రం ఆనదు. అప్పటికి ఆ పట్టిక రేసు పొడుగునా తెర మీద ఉండడం మొదలై చాలా కాలమైంది. అంటే నాన్న చీటీల అవసరం ప్రపంచంలో ఇంకెవరికీ లేదు, బాబాయి ఒక్కడికి తప్ప.

చానల్ డైరెక్టరు ఒకటి రెండుసార్లు గదిలోకి తొంగి చూసి, అన్నీ తెర మీదే వస్తున్నాయి కదా, ఇంకా ఈ కాగితాలు ఎందుకని అడిగాడట. పాత పద్ధతిలో ఉన్న అందమే వేరని బాబాయి జవాబిచ్చాడు. డైరెక్టరు దాన్ని నమ్మాడు. ఈ గుట్టు నాన్నకు, బాబాయికి, ఆ తరవాత నాకు, అమ్మకు మాత్రమే తెలుసు. బయటికి పొక్కితే చూపులేని వ్యాఖ్యాత అని చానల్‌వాళ్ళు ఆయన్ను ఇంటికి పంపిస్తారని వాళ్ళ భయం. ఆ మనిషికి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. రేసు చెప్పడం ఒక్కటే ఉంది.

ఇలా ఉండగా పోయిన ఏడాది డైరెక్టరు ఒక సర్క్యులర్ పంపాడు. 'ప్రేక్షకుల భవిష్యత్ అవసరాల దృష్ట్యా' వచ్చే సీజన్ నుంచి రేసుల ప్రత్యక్ష ప్రసారం డబ్బు కట్టి చూసే చానల్‌కు వెళ్ళిపోతుందని, మన చానల్లో మర్నాడు సాయంత్రం అర గంట సారాంశం వస్తుందని అందులో ఉంది. మా ఎదురింటి కింద సెలూన్ ఉంది. రేసు చివరి పది ల్యాపుల్లో ఆ సెలూన్ ఆయన ఎవరికీ గడ్డం గీయడు, సగం నురగతో కూర్చోబెట్టేస్తాడు. ఆయన నేను చూపించిన ఆ కాగితం రెండుసార్లు చదివి, నా భవిష్యత్ అవసరాలు వీళ్ళకెలా తెలిశాయమ్మా అని నన్ను అడిగాడు. నాన్న మాత్రం అర గంటలో ఎవడు గెలిచాడో తెలుస్తుంది, మిగతా పంతొమ్మిది మంది ఎలా ఓడిపోయారో తెలియదు అన్నారు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు అనడం ఆ సంవత్సరంలో అదే.

కొత్త చానల్‌వాళ్ళకు కొత్త గొంతు పనికిరాలేదు. ఇన్నేళ్ళుగా రేసంటే జనానికి బాబాయి గొంతే. ఆయన్ను రమ్మని పిలిచారు. ఒక్కడినే. వాళ్ళ స్టూడియోలో ఒకే కుర్చీ ఉంటుందట, లెక్కలన్నీ కంప్యూటర్లే చూసుకుంటాయట. ఆ మాట చెప్పడానికి ఆయన మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"నేను వెళ్ళట్లేదు వదినా. అన్నయ్య లేకుండా నాకు అక్కడేం కనిపిస్తుంది?" అన్నాడు.

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న గోడ గడియారం వంక చూశారు. వెళ్ళమని నేను చెప్పబోతే బాబాయి చెయ్యెత్తి ఆపాడు. ఆ తరవాత నెల రోజుల్లో నాన్న మూడుసార్లు ఆ ప్రస్తావన తెచ్చారని అమ్మ చెప్పింది. మూడుసార్లూ బాబాయి గంటేసి సేపు వాదించి, చివరికి నాన్ననే ఒప్పించి పంపాడు. వాదన అంటే నాన్నకు చేతకాదు. ఎదుటివాడు నోరు తెరిస్తే ఈయన చెవులు అప్పగిస్తారు.

సీజన్‌లో ఆఖరి రేసు వచ్చింది. ఉచిత చానల్లో అదే కడసారి. ఆ రేసు అయిన మర్నాటికల్లా బాబాయి కొత్త చానల్‌కు అవునో కాదో చెప్పాలి. కాదంటే ఆ గొంతు ఇక ఎక్కడా వినపడదు. నాన్న ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. చెప్పదలచుకున్నది గదిలో, రేసు మధ్యలో, చీటీ మీద రాసి ఇవ్వాలి. మైకు తెరిచి ఉంటుంది కనుక బాబాయి ఎదురు వాదించలేడు. ఆ లెక్క తప్పేమీ కాదు. ఒక్క సంగతి మరిచిపోయారంతే. ఇరవై ఆరేళ్ళు పక్కన కూర్చున్న మనిషి మరిచిపోవలసిన సంగతి కాదు అది.

ఆ మధ్యాహ్నం నేను, అమ్మ ఇంట్లో చూస్తున్నాం. యాభై ఒకటో ల్యాప్. ఒకే జట్టు కార్లు రెండు, పద్నాలుగు ముందు, ముప్ఫై ఒకటి వెనక, ఒకదాని తోకను ఒకటి పట్టుకుని వస్తున్నాయి. బాబాయి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు.

"ఇదిగో మలుపు, పద్నాలుగు లోపలి నుంచి, ముప్ఫై ఒకటి అంగుళం వదలట్లేదు, ఇప్పుడేం చేస్తాడు, నువ్వు వెళ్ళు, నా కోసం ఆగకు, అక్కడ అక్షరాలు పెద్దవి వేయమని అడుగు, సిగ్గుపడకు..."

అక్కడ ఆయన గొంతు మారింది. తను చదువుతున్నది ఏమిటో అప్పటికి అర్థమైంది. కానీ ఏ చీటీనీ సగంలో వదిలేయడం ఆయనకు ఎప్పుడూ లేదు. మామూలు మనుషులు మాట్లాడుకునేటట్టు, మెల్లగా, మిగతాది కూడా చదివాడు.

"నేనిక్కడ బాగానే ఉంటాను."

తరవాత పదకొండు సెకన్లు ఇంజన్ల చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

అమ్మ చేతిలోని బట్ట మడత పెట్టడం ఆపేసి, "ఇది మీ నాన్నేనే" అంది.

సరిగ్గా అప్పుడే తెర మీద పద్నాలుగో నంబరు వేగం తగ్గించి పక్కకు జరిగాడు. ముప్ఫై ఒకటి దాటుకుని వెళ్ళిపోయాడు. ఎదురుగా సెలూన్‌లో చప్పట్లు మోగాయి. పద్నాలుగో నంబరు డ్రైవరు తన తోటివాడితో రేడియోలో అన్న మాటలను బాబాయి అనువదించి చెప్పాడని ఊరు ఊరంతా నమ్మింది. అక్షరాలు పెద్దవి ఏమిటంటే, పిట్ దగ్గర కార్లకు చూపించే బోర్డు మీద అక్షరాలని సెలూన్ ఆయన విడమరిచాడు. ఆ డ్రైవరు మనసు వెన్న అని ఆ వారం చానల్‌కు నాలుగు వందల ఉత్తరాలు వచ్చాయి. ఆ డ్రైవరు పక్కకు జరిగింది టైరు అరిగిపోయి. అది నాన్న రాసుకున్న పట్టీలో ఉంది.

నాన్న ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నారు. ఆ చీటీ సంగతి నేను అడిగాను. పెరుగు వడ్డించమన్నారు.

ఊరంతా నమ్మింది కానీ కొత్త చానల్‌వాళ్ళు ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్ళు. డ్రైవర్ల రేడియోలో ఆ మాటలేవీ లేవని వాళ్ళకు తెలుసు. మర్నాడు పొద్దున్నే బాబాయికి ఫోను చేశారు. అంతా అయిపోయిందనుకుని ఆయన మంచం మీద కూర్చునే ఫోను తీశాడట. అవతలి అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అక్షరాలు ఎంత పెద్దవి కావాలండీ?"

ఆయనకు జవాబు తెలియదు. మా ఇంటికి వచ్చాడు. నేను ప్రెస్‌కు పరిగెత్తి వెళ్ళి ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లను ముప్ఫై ఆరు, నలభై ఎనిమిది, డెబ్భై రెండు, తొంభై ఆరు పాయింట్లలో అచ్చు వేయించి తెచ్చి బల్ల మీద పరిచాను. బాబాయి ఒక్కో కాగితం దూరం పెట్టి, దగ్గర పెట్టి, తల పక్కకు తిప్పి చూశాడు. తొంభై ఆరు దగ్గర ఆగి గడగడా చదివేశాడు. చదివాక ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి దాని అంచులు చేత్తో సవరిస్తూ కూర్చున్నాడు. నాన్న ఆ కాగితం తీసుకుని వెనక వైపు పెన్సిలుతో '96' అని రాసి ఆయన జేబులో పెట్టారు.

బాబాయి కొత్త చానల్‌కు అవునని చెప్పాడు. ఆ చానల్ ఇంజనీరు ఒక్కడు, ఒక్క పూటలో, ఆయన కోసం విడిగా ఒక తెర పెట్టి, నంబర్లు తప్ప ఏమీ లేకుండా, తొంభై ఆరు పాయింట్ల ఎత్తున వచ్చేటట్టు చేసేశాడు. ఎనిమిదేళ్ళు నలుగురం గుండెల్లో పెట్టుకుని దాచిన గుట్టుకు విరుగుడు ఒక మధ్యాహ్నం పని. నోరు తెరిచి అడిగి ఉంటే ఏనాడో అయిపోయేది. అడిగి ఉంటే ఆ ఎనిమిదేళ్ళ ఆదివారాలు నాన్నకు ఉండేవి కావు. ఈ రెండో మాట నాకు చాలా రోజుల తరవాత తట్టింది. ఆయనకు '96' అని రాయడానికి పెన్సిలు తీసినప్పుడే తట్టి ఉంటుంది.

నాకు బాబాయి మీద కోపం వచ్చింది. ఆయన చేసిన తప్పేమీ లేదని తెలిసి కూడా వచ్చింది. రెండో అంతస్తు గదిలో ఏసీ బాగు చేయించి దాన్ని స్టోర్ రూమ్ చేశారు. నాన్నకు అర గంట సారాంశానికి ఏ ముక్కలు ఉంచాలో గుర్తు పెట్టే పని ఇచ్చారు. ఆయన రెండు గంటల రేసంతా చూసి పట్టీ వేసి, ముక్కలు ఏరి, వార్తలు చదివే అమ్మాయికి చీటీలు రాసి ఇచ్చేవారు. ఆ అమ్మాయి వాటిని తన పుస్తకంలో పేజీలు గుర్తు పెట్టుకోవడానికి వాడుకునేది. మంచి పిల్ల, చీటీలు చాలా అందంగా ఉన్నాయని కూడా అంది.

కొత్త సీజన్ మొదలయ్యే ముందు బాబాయి మా ఇంటికి ఒక పెట్టె పంపించాడు. దాన్ని టీవీకి తగిలిస్తే ఆ చానల్ ఏడాది పొడుగునా వస్తుంది, మేం కట్టేదేమీ లేదు. నాన్న దాన్ని అట్టపెట్టెలోంచి కూడా తీయలేదు. ఇరవై ఆరేళ్ళు జీతం తీసుకుని చూసినవాణ్ణి, ఇప్పుడు ఒకరి దయతో చూడనా అని అమ్మతో అన్నారట. దాన్ని సంకలో పెట్టుకుని వీధి దాటి సెలూన్‌లో ఇచ్చి వచ్చారు. ఆ విధంగా మా వీధికి ఉచిత ప్రసారం కొనసాగింది. మొదటి రేసుకు సెలూన్‌లో కూర్చోవడానికి చోటు లేదు. టైలరు తన స్టూలు తెచ్చుకున్నాడు. గడ్డం గీయించుకోవలసిన అవసరం ఏ కోశానా లేనివాళ్ళు కూడా వచ్చారు.

నాన్న రానన్నారు. రేసు మొదలైన ఇరవై నిమిషాలకు చెప్పులు వేసుకున్నారు. నేను వెంట వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన చేతిలో కాగితం లేదు, పెన్సిలు లేదు. సెలూన్ ఆయన ఎవరినో లేపి అద్దం ముందు కుర్చీ ఇచ్చాడు. నాన్న అద్దానికి వీపు పెట్టి టీవీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బాబాయి ఒక్క తప్పయినా చేయాలని నేను కోరుకున్నాను. ఒక నంబరు బదులు ఇంకో నంబరు చెబుతాడని, తడబడతాడని, అప్పుడు నాన్న తల ఎత్తి చూస్తారని ఎదురు చూస్తూ నిలబడ్డాను. యాభై ఎనిమిది ల్యాపులు, ఇరవై కార్లు, ముప్ఫై నాలుగు సార్లు పిట్‌లో ఆగడం. ఒక్కటి తప్పలేదు. గొంతు అదే గొంతు. ఎండలో నడిచి వచ్చినవాడికి చల్లటి నీళ్ళు దొరికినట్టు జనం విన్నారు. నాన్న వేళ్ళు మాత్రం తొడ మీద ఏవో అంకెలు గీస్తూనే ఉన్నాయి.

రేసు అయిపోయింది. సెలూన్ ఆయన సగంలో వదిలేసిన గడ్డానికి మళ్ళీ నురగ పట్టిస్తూ, నాన్నకు సంతోషం కలిగించే మాట అనుకుని అన్నాడు.

"మీవాడు ఇప్పుడే ఇంకా బాగా చెబుతున్నాడండీ. ఇదివరకు మధ్య మధ్యలో ఒక్క క్షణం ఆగేవాడు చూశారా, ఇప్పుడు ఆ ఆగడమే లేదు."

నాన్న కుర్చీలోంచి లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"అది నా చీటీ అందుకునే టైమండీ" అన్నారు, అందరికీ వినపడేటట్టు.